నీళ్ల డ్రమ్ము దగ్గర అడిగే ప్రశ్న

మొన్న మంగళవారం పొద్దున్న కొట్టు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. మేస్త్రీ కూతురు. "మావయ్యా, నాన్న లెగనేదు" అంది.

"ఇంకా నిద్దరోతున్నాడేటో, సరిగ్గా సూడమ్మా" అన్నాను. ఊరంతటికన్నా ముందు లేచే మనిషి గురించి అలా అనడం ఎంత తెలివితక్కువో అనేశాక తెలిసింది.

"సూసినాను మావయ్యా. డాక్టరు కూడా వొచ్చి సూసీసినారు."

షట్టరు అలాగే వదిలేసి పక్కనున్న మేస్త్రీ షెడ్డుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. షెడ్డుకి రాత్రి ఆయనే వేసిన తాళం ఉంది. ఆ తాళం ముందు కాసేపు నుంచుని, అప్పుడు ఇంటివైపు నడిచాను.

ఇక్కడ ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఆయన్ని బెంగాలీలు మిస్త్రీదా అనేవారు, మనవాళ్లు మేస్త్రీ అనేవారు. పేరు నాకు తెలుసు కానీ రాయను. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగేవాడు కాదు. నన్ను బావ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి మా ఇద్దరి తాతలూ రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చి పక్కపక్క ఇళ్లలో ఉన్నారు, అంతే. పరాయి ఊళ్లో పక్కిల్లు మూడు తరాలు నిలిస్తే బావలు వాటంతట అవే పుడతారు. నేను బావనయ్యాను కాబట్టి మా ఆవిడ ఆయనకి చెల్లెమ్మ అయింది, ఆయన కూతురికి నేను మావయ్యనయ్యాను.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈ రాతలో లోపాలకి కారణం మీకు అంతుపట్టదు. నేను ఏడో తరగతితో బడి మానేసి నాన్నగారి కిరాణా కొట్టులో కూర్చున్నాను. మిగతా చదువంతా పొట్లాలు కట్టే కాగితాల్లో చదివాను. అందువల్ల నాకు చాలా సంగతుల మొదలు తెలుసు, చివర తెలియదు. చివర ఎవరో జీలకర్రతో పాటు పట్టుకుపోయారు. ఇప్పుడు ఆ కొట్టులో ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో చదివే మన పిల్లల కోసం చింతపండు, కందిపొడి, గోంగూర పచ్చడి అమ్ముతాను. చింతపండు సంగతి తర్వాత వస్తుంది.

మేస్త్రీ పని కారు చక్రాల అలైన్‌మెంట్ సరిచేయడం. స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే కారు తిన్నగా పోవాలి కదా, అలా పోయేట్టు చక్రాలన్నిటినీ కుదర్చడం. కుర్రతనంలో ఒక సర్దార్జీ లారీ షెడ్డులో నేర్చుకున్నాడు. అప్పట్లో చక్రాల పక్కన నైలాను దారం లాగి కట్టి, టేపుతో కొలిచేవారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. చక్రాలకి పరికరాలు తగిలిస్తే తెర మీద ఎర్ర అంకెలు కనిపిస్తాయి, వాటిని ఆకుపచ్చ చేస్తే పని అయినట్టు. ఇరవై నిమిషాల పని. మేస్త్రీ దగ్గర మాత్రం గంటన్నర పట్టేది. అందులోనూ కంప్యూటర్ పని ఇరవై నిమిషాలే. మిగతాదంతా దానికి ముందుది.

ముందు డిక్కీ ఖాళీ చేయించేవాడు. ఒక ప్రొఫెసరు గారి డిక్కీలోంచి రెండు ఇనుప డంబెల్సు, ఇంకా దిద్దని పరీక్ష పేపర్ల కట్టలు దిగడం నేను చూశాను. ఆయన సిగ్గుపడింది డంబెల్సుకి కాదు. నా డిక్కీలో ఎప్పుడూ బియ్యం బస్తా ఉండేది. "బావా, నీ కారు రోడ్డుకేసి సూస్తందా, ఆకాశానికేసి సూస్తందా?" అనేవాడు. తర్వాత నాలుగు టైర్లలో గాలి. తర్వాత అరచేత్తో టైరుని నిమరడం, కళ్లు మూసుకుని, లోపల్నుంచి బయటికి ఒకసారి, బయట్నుంచి లోపలికి ఒకసారి. ఒకవైపు నున్నగా, తిరగేస్తే గరుకుగా తగిలితే ఆ చక్రం రోడ్డు మీద దొర్లడం లేదు, పక్కకి ఈడ్చుకుంటూ పోతోందని అర్థం. అటు తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపేవాడు. ఎడమా కుడీ పట్టుకుని ఊపేవాడు. చివరికి గోనె పరిచి కారు కిందికి దూరేవాడు. ఎక్కడైనా ఒక్క కీలు వదులుగా ఉన్నా కంప్యూటర్ ఆన్ చేసేవాడు కాదు.

ఒకసారి కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర మేష్టారొకడు గడియారం చూసుకుంటూ, "అన్నా, జల్దీ చెయ్యరాదే, క్లాసుంది నాకు. మిషనే చెప్తది కదా అంతా!" అన్నాడు.

కారు కిందనుంచి జవాబు వచ్చింది. "బాబూ, ఊగిపోయే పన్నుకి కొలత తీసి పక్కన కట్టుడు పన్ను సేస్తారేటి? ముందు పన్ను సంగతి సూడాల."

ఇంత చేసే మనిషి జీవితమంతా సైకిలు మీదే తిరిగాడు. దాని ముందు చక్రం కొంచెం వంకరగా తిరిగేది కూడాను. ఆ మాట అంటే, "దానికి నాను అలవాటు పడ్డాను, నాకు అది అలవాటు పడింది" అనేవాడు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఆయన బండి యజమానిని ఒక ప్రశ్న అడిగేవాడు. ఎక్కడైనా గుంటలో పడిందా? బెంగాలీలో, హిందీలో, మన భాషలో, ఎవరికి ఏది వస్తే అందులో, కిటికీ దగ్గర వంగి, నలుగురూ వినేలా అడిగేవాడు. ఆ ప్రశ్న దగ్గరే నా తప్పు ఉంది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. బాలాసోర్‌లో మా ఆవిడ అక్కగారి మనవడికి అన్నప్రాశన. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. కారు ఎడమ పక్కకి లాగుతోందని షెడ్డుకి తెచ్చాను. మా ఆవిడ పక్క సీట్లోనే ఉంది, అటునుంచి అటే బజారుకి వెళ్లి పసివాడికి వెండి గిన్నె కొనాలని. వాన కమ్ముకొస్తోంది. షెడ్డు ముందు అప్పటికే నాలుగు కార్లున్నాయి.

మేస్త్రీ కిటికీ దగ్గరికి వంగాడు. "బావా, ఎక్కడైనా గుంటలో పడీసినావేటి?"

పడేశాను. అంతకు మూడు రోజుల ముందు, రైల్వే గేటు దాటాక మలుపులో, దభీమని. స్టీరింగ్ చేతిలోంచి జారిపోయినంత పనైంది. ఎందుకంటే స్టీరింగ్ మీద ఉన్నది ఒక్క చెయ్యే, రెండో చేతిలో ఫోను ఉంది. బండి నడుపుతూ ఫోను ముట్టనని మా ఆవిడకి మాటిచ్చి నెల కాలేదు. ఆ మాట ఆమె వంటింట్లో తీసుకోలేదు, దేవుడి పటం ముందు నిలబెట్టి తీసుకుంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని, మేస్త్రీని చూసి నవ్వుతోంది.

"నేదు" అన్నాను. "ఎక్కడా పడనేదు."

మేస్త్రీ మబ్బుకేసి చూశాడు. వరసలో ఉన్న కార్లకేసి చూశాడు. "నువ్వు సెప్తే సరే" అన్నాడు. గాలి చూశాడు, టైర్లు నిమిరాడు. జాకీ ఎత్తలేదు, గోనె పరవలేదు. అంకెలు ఆకుపచ్చ చేసి, "సెల్లెమ్మా, జాగర్తగా ఎల్లిరండి. పసోడికి నా పేరు సెప్పి ముద్దెట్టు" అన్నాడు.

స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర గుండ్రటి కీలు ఒకటుంటుంది. గుంటలో దెబ్బ తిన్నది అదే. మర్నాడు దారిలో బెల్దా దాటాక అది ఊడిపోయింది. నేను స్టీరింగ్ కుడికి తిప్పాను, ఎడమ చక్రం నా మాట వినలేదు. కారు రోడ్డు దిగి మట్టికుప్పని గుద్దుకుని ఆగింది. నాకు గీత కూడా పడలేదు. మా ఆవిడ కుడి మణికట్టు విరిగింది.

మేస్త్రీ ఆస్పత్రికి వచ్చాడు. ఆమె చేతికట్టుని చూస్తూ నుంచున్నాడు. అక్కణ్నుంచి మా కారుని ఈడ్చుకొచ్చి పడేసిన చోటికి వెళ్లి, ఊడిన కీలు చూసుకున్నాడట. మర్నాటి నుంచి షెడ్డు తెరవలేదు. అడిగినవాళ్లందరికీ ఒకటే మాట: "కిందకి దూరి సూడనేదు. ఆ మాత్రం సూడలేని సెయ్యి ఇంక బండి ముట్టకూడదు."

ఊళ్లో అందరూ ఓదార్చారు. నేనూ ఓదార్చాను. ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది కానీ రాస్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన కూతురు ఇచ్చిన టీ తాగుతూ, "ఎలా జరగాలో అలగే జరుగుతాది మేస్త్రీ, నీ తప్పేటి" అన్నాను. ఆయన తల దించుకుని వింటూ ఉన్నాడు. ఒక్క మాట చెబితే ఆ తల లేచేది. ఆ ఒక్క మాట చెబితే ఇంట్లో నా తల దిగేది. మూడు వారాలు నా తలనే చూసుకున్నాను.

ఒక శనివారం ఆయన కూతురు కొట్టుకి వచ్చింది. పాలిటెక్నిక్ చదివి తండ్రితో పాటే షెడ్డులో పనిచేస్తున్న పిల్ల. "మావయ్యా, సోమవారం మెదినీపూర్ నించి వొచ్చి మిషను పట్టుకుపోతారంట. అమ్మీస్తానని నాన్న మాటిచ్చీసినాడు. నాను సెప్తే ఇనడం నేదు. మీరు సెప్తే ఇంటాడు" అంది. నేను చెప్తే వింటాడని ఆ పిల్లకి ఎలా తెలుసో, ఎంత సరిగ్గా తెలుసో!

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ ఎడమ చేత్తో బెండకాయలు తరగడానికి అవస్థ పడుతోంది. నన్ను ముట్టనివ్వదు, నేను తరిగితే మూడు సైజులు వస్తాయని. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని చెప్పేశాను. గుంట, మలుపు, ఫోను, మేస్త్రీ అడిగితే నేను లేదనడం, అన్నీ.

"ఫోన్లో ఎవరు?" అంది.

"చింతపండు పంపే విజయనగరం ఆయన."

"సింతపండు" అంది. కత్తి కింద పెట్టింది. తర్వాత లేచి, ఒంటి చేత్తో జుట్టు ముడేసుకోబోయి, కుదరక, అలాగే వదిలేసింది. "నాకెందుకు సెప్తారు? నా సెయ్యి ఎలాగూ ఇరిగిపోనాది. అన్నయ్య సెయ్యి సంగతి సూడండి. పదండి."

టోటో, అదే బ్యాటరీ ఆటో, పిలిచి బయల్దేరాం. దారంతా ఆమె బయటికే చూసింది.

మేస్త్రీ ఇంటి అరుగు మీద పానాలన్నీ కిరసనాయిలుతో తుడిచి, గోనెలో పేరుస్తున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నేను నుంచునే చెప్పాను. చెబుతుండగా ఆయన చేతిలో గుడ్డ ఆగింది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏ గుంట?" అన్నాడు.

"ఏటి?"

"ఏ గుంట అంటన్నాను. గేటు దాటాక రెండున్నాయి. నీళ్లు నిలిసినదా, ఇటుకలు పోసినదా?"

"నీళ్లు నిలిసినది."

"ఎంత స్పీడు?"

"నలభై ఉంటాది."

"బండి పైకి ఎగిరిందా, పక్కకి తన్నిందా?"

"పక్కకి."

తల ఊపాడు. మూడు వారాల కిందట అడగాల్సినవన్నీ వరసగా అడిగి, వరసగా విని, అప్పుడు నా మొహంలోకి చూశాడు. "నువ్వు అబద్ధం ఆడినావు. అది నీ తప్పు. నాను గోనె పరిసి దూరితే నీ అబద్ధం నాకు కనిపించీసును. అది నా తప్పు. నీది సెప్పీసినంత మాత్రాన నాది పోదు."

మా ఆవిడ కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు చివర కూర్చుని ఉంది. "అన్నయ్యా, నా సెయ్యి ఇరగ్గొట్టినోడు మా ఇంట్లోనే ఉన్నాడు. మీరు ఎక్కడెక్కడో ఎతుక్కోకండి. మిషను పంపీకండి" అంది.

సోమవారం మెదినీపూర్ వాళ్లు ఖాళీ లారీతో వెనక్కి వెళ్లారు. షెడ్డు తెరుచుకుంది. అయితే రోజూ నాలుగింటికి మా కొట్టులో తాగే టీ మాత్రం ఆయన మానేశాడు. నేను రెండు గ్లాసులు తెప్పించేవాణ్ణి, ఒకటి చల్లారిపోయేది. వానాకాలమంతా అలాగే గడిచింది. దుర్గా పూజల ముందు ఒకరోజు వచ్చి, ఏమీ జరగనట్టు చెయ్యి చాపాడు. గ్లాసు అందించాను. "పంచదార ఎక్కువైంది" అన్నాడు. అంతటితో సరి. మా ఆవిడ మణికట్టు మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు. సీసా మూత తీయాల్సి వస్తే నా ముందు పెడుతుంది.

షెడ్డు తెరిచాక ఆయన పద్ధతిలో ఒకటి మారింది. కిటికీ దగ్గర వంగి అడగడం మానేశాడు. షెడ్డు వెనక చేతులు కడుక్కునే నీళ్ల డ్రమ్ము ఒకటుంది. బండి నడిపినవాళ్లని ఒంటరిగా అక్కడికి పిలిచేవాడు. "దాదా, ఎక్టు ఎదికే ఆసున్." దాదా, కొంచెం ఇటు రండి. వాళ్లు వెళ్లేవారు. నా కొట్టు వెనక కిటికీ సరిగ్గా ఆ డ్రమ్ము మీదికే తెరుచుకుంటుంది. మాటలు వినపడవు కానీ మనుషులు కనిపిస్తారు. పురోహితుడొకాయన అటూ ఇటూ చూసి మూడు వేళ్లు చూపించడం చూశాను, మూడు గుంటలన్నమాట. స్నేహితుడి కారు తెచ్చిన విద్యార్థి చెవులు పట్టుకోవడం చూశాను. అత్తగారిని కార్లో కూర్చోబెట్టి వచ్చిన ఒక డాక్టరమ్మ చెప్పీ చెప్పకముందే నవ్వేయడం చూశాను. ఇంట్లో చెప్పుకోలేని గుంటలు ఈ ఊళ్లో ఇన్ని ఉన్నాయని మునిసిపాలిటీకి కూడా తెలిసి ఉండదు.

ఒకరోజు టీ తాగుతూ అడిగాను. "అందరూ నిజం సెప్తన్నారేటి మేస్త్రీ?"

"పక్కన పెళ్లాం నేకపోతే ఎవడైనా సెప్తాడు బావా" అని నా మొహంలోకి చూడకుండా గ్లాసులోకి ఊదుకున్నాడు.

"సెప్పీసినాక మళ్లీ కిందకెందుకు దూరతావు?"

"వాళ్లకి తెలిసిన గుంట వాళ్లు సెప్తారు. తెలీనిది బండి సెప్తాది."

మంగళవారం సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు చాలామంది వచ్చారు. క్యాంపస్ వాళ్లు, బజారు వాళ్లు, టోటో దాదాలు. ఒకరినొకరు పెద్దగా ఎరగం. కానీ మొహాలు చూసుకుంటే తెలిసిపోతోంది. ఆ డ్రమ్ము దగ్గర నుంచుని ఏదో ఒకటి ఒప్పుకున్నవాళ్లమే అందరం. మంత్రాలు చదివింది కూడా ఆ మూడు గుంటల పురోహితుడే.

పోయిన నెల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఏడాదిగా మేస్త్రీ కారు కిందికి దూరడం మానేశాడు, కూతురే దూరేది. ఆయన పక్కన నుంచుని, ఆమె పనితనం చూస్తూ, చక్రం ఊపమంటే ఊపేవాడు. నా కారు జాకీ మీద ఉంది. నేను ఒక్కణ్ణే వచ్చాను, అయినా ఆయన నన్ను డ్రమ్ము దగ్గరికి పిలిచాడు. ప్రేమ్ బజార్ మలుపులో స్పీడ్ బ్రేకర్ చూసుకోకుండా ఎక్కించానని చెప్పాను. "ఊఁ" అన్నాడు. కదల్లేదు.

"బావా, ఆ రోజు నువ్వు నేదన్నందుకు నాను ఆగిపోనేదు" అన్నాడు.

ఏ రోజు అని నేను అడగలేదు. "మరేటి?"

"నువ్వు కందిపప్పు కొత్తదంటేనే నాను నమ్మను. గుంటలో పడనేదంటే నమ్మీస్తానేటి? ఆ వారం నడుం పట్టీసింది. వంగితే లెగలేకపోయేవోణ్ణి. తెలిస్తే అమ్మాయి షెడ్డు మానీమంటాదని ఎవులికీ సెప్పనేదు. నువ్వు నేదన్నావు. అమ్మయ్య అనుకున్నాను."

నాకు కోపం వచ్చింది. కోపమేనా అది అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. "ఎనిమిదేళ్లు, మేస్త్రీ" అన్నాను.

"నీ తప్పు నీదే. ఇసుమంత కూడా తగ్గదు. నాది నువ్వు అనుకున్న దానికన్నా పెద్దదని సెప్తన్నాను."

"ఇన్నాళ్లూ సెప్పనేదేం?"

ఆయన చేతులు డ్రమ్ములో ముంచి, ముంచినవి తీయకుండా అన్నాడు: "నన్ను డ్రమ్ము దగ్గరికి ఎవులు పిలిసినారు?"

మా వెనక కారు కింద పానా చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే గోనె చివర ఆ పిల్ల పాదాలు రెండూ కదలకుండా కనిపిస్తున్నాయి. కాసేపటికి కిందనుంచే పిలిచింది.

"మావయ్యా, మీ బండి కీళ్లు బాగానే ఉన్నాయి. నాన్నకి ఆ స్టూలు ఎయ్యండి."

వేశాను. బండి జాకీ మీద ఉండగా ఆయన కూర్చోవడం ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, దాచుకోకుండా, మెల్లగా కూర్చున్నాడు. తడి చేతులు మోకాళ్ల మీద ఆరబెట్టుకున్నాడు. గోనె జరిగిన చప్పుడైంది. ఆ పాదాలు రెండూ ఒక చక్రం దగ్గర్నుంచి ఇంకో చక్రం దగ్గరికి జరుగుతుంటే, ఆయన అలా చూస్తూ కూర్చున్నాడు.